షుగర్ గోలీలు, కీళ్ల నొప్పులు
(సమాఖ్య వార్షిక మహాసభలో సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



పొదుపు, లోన్ల లెక్కలు ఇంతకుముందే చదివిన్రు. మేము ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్తం. గోదావరిఖనిలో షుగర్ లేని ఇల్లు దొరుకుడు కష్టమైంది. నెలనెలా మీటింగులల్ల ఒక మాట ఎక్కువ వినపడుతున్నది: "షుగర్ గోలీ వేసుకున్నకాడికెళ్లి వేళ్లు నొస్తున్నయి, కీళ్లవాతం పట్టింది, అందుకే గోలీ బంద్ చేసిన" అని. ఈ బంద్ చేసుడే మాకు భయం.

ఆ మాటల కొంత నిజం ఉన్నది. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ అని, పేరు చివర "గ్లిప్టిన్" ఉండే షుగర్ మందులున్నయి. వీటితో కొందరికి కీళ్ల నొప్పులు బాగా రావచ్చని 2015 ఆగస్టులో అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. కొందరికి మొదలుపెట్టిన మర్నాడే, కొందరికి ఏండ్ల తర్వాత వచ్చింది. మందు ఆపినంక చాలామందికి నెలలోపల తగ్గింది. ఒకప్పుడు ఇవి ఖరీదు మందులు. 2022లో సిటాగ్లిప్టిన్ పేటెంట్ అయిపోయినంక జన్ ఔషధి దుకాణాలల్ల పది గోలీలు 60 రూపాయలకు పెట్టిన్రు. అట్ల మన ఇండ్లకు కూడా వచ్చినయి. మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే గోలీగా కూడా వస్తయి కాబట్టి షీటు మీది పేరు చూడందే తెలువదు.

కానీ ఈ నొప్పి వేరు, కీళ్లవాతం వేరు. ఈ గోలీలతో కీళ్లవాతం ముప్పు పెరుగుతుందని పెద్ద పరిశోధనల్లో రుజువు కాలేదు. కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఎక్కువ వస్తది. పొద్దున లేవంగనే రెండు చేతుల వేళ్లు బిగుసుకపోతయి, గంట దాకా పిడికిలి పట్టదు, కణుపులు వాస్తయి. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్త పరీక్షలు చేయించి, డాక్టర్ చూసి చెప్తడు. తొందరగా మందు పడకపోతే వేళ్లు వంకర పోతయి. ఇగ షుగర్ వల్ల భుజం పట్టేసుడు ఇంకొకటి. అన్నిటినీ మనం వాతం అనే అంటం.

అసలు ప్రమాదం పేరు లేని పొట్లాల గోలీలు. ఒక్కపూటల నొప్పి మాయమైందంటే అందుల స్టెరాయిడ్ ఉన్నదేమో అని అనుమానపడాలె. స్టెరాయిడ్ షుగర్‌ను ఒక్కసారిగా పెంచుతది. అటు షుగర్ గోలీ బంద్, ఇటు స్టెరాయిడ్. ఇగ ఆ మనిషి ఏమైతది, మీరే చెప్పండి. రోజూ నొప్పి గోలీలు మింగితే కిడ్నీల మీద కూడా పడుతది.

కంపెనీ నౌకరి ఉన్నోళ్ల ఇంటోళ్లకు సింగరేణి ఏరియా ఆసుపత్రి ఉన్నది, మిగతావాళ్లకు గోదావరిఖని సర్కారు దవాఖాన ఉన్నది. నొప్పి ఉన్నోళ్లు షీటు పట్టుకపోయి "సార్, ఇది గ్లిప్టిన్ మందా, మార్చొచ్చా" అని అడగండి. మార్చేది డాక్టరే, మనం కాదు. వచ్చే నెల మీటింగుకు పొదుపు పుస్తకంతో పాటు గోలీల షీట్లు కూడా తెచ్చుకోండి. చదువురాని అక్కలకు పేర్లు మేము చదివి, చీటీ మీద రాసిస్తం.