దూరం ధర ఎవరు కడుతున్నారు?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధరల గురించి మాట్లాడుకున్నప్పుడల్లా మనలో చాలామంది ఒక మాట అంటుంటారు. పట్నంలో బతకడం ఖరీదు, పల్లెలో చౌక అని. ప్రభుత్వాలు కూడా దీన్నే నమ్ముతాయి. కనీస వేతనాలు, ఇంటద్దె అలవెన్సులు ఈ నమ్మకం మీదే లెక్కగడతారు. ఇంటద్దె వరకూ ఈ మాట నిజమే. హైదరాబాదులో ఒక్క గదికి కట్టే అద్దెకు చిన్న ఊళ్ళో ఇల్లే దొరుకుతుంది. కానీ వంటింట్లోకి వచ్చి చూస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. పొయ్యి వెలగడానికీ, ఊరు దాటడానికీ అయ్యే ఖర్చు ఊరు దూరమయ్యేకొద్దీ పెరుగుతుంది. ఈ దూరం ధర ఎవరు కడుతున్నారన్నదే ఈరోజు మనం ఆలోచించాల్సిన ప్రశ్న.

ముందు పెట్రోలు, డీజిల్ సంగతి చూద్దాం. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద, 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ తీసేశారు. 2017 జూన్ 16 నుంచి ఏ రోజుకారోజు ధర నిర్ణయించే పద్ధతి వచ్చింది. కేంద్రం వేసే ఎక్సైజు సుంకం దేశమంతటా ఒకటే. జీఎస్టీ 2017 జూలైలో వచ్చినా ఈ రెండింటికీ వర్తింపజేయలేదు. కాబట్టి ఏ రాష్ట్రానికారాష్ట్రం తన వ్యాట్ తను వేసుకుంటుంది. 2025 నాటికి తెలంగాణలో పెట్రోలు మీద 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం వ్యాట్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం, దానిపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్ల సెస్సు మరో రూపాయి. శాతాల్లో వేసే పన్నుకో గుణం ఉంది. అసలు ధర పెరిగితే పన్నూ దానంతటదే పెరుగుతుంది. అసెంబ్లీలో ఎవరూ చెయ్యెత్తనక్కర్లేదు.

సరిహద్దు పక్కనున్న లారీ యజమాని ఈ తేడాని తప్పించుకోగలడు. కర్ణాటకలోనో, యానాంలోనో ట్యాంకు నింపుకుని వస్తాడు. బండే లేని మనిషి ఎక్కడ తప్పించుకుంటుంది? ఆమె పెట్రోలు బంకు మెట్టెక్కదు. కానీ షేర్ ఆటో చార్జీలో, సంతకి వచ్చిన ఉల్లిపాయల్లో, దుక్కి దున్నిన ట్రాక్టరు కిరాయిలో డీజిల్ ధర ఆమె కడుతూనే ఉంటుంది. బిల్లు మాత్రం ఆమె చేతికి ఎవరూ ఇవ్వరు.

ఇక గ్యాసు. ఇంటి సిలిండరు మీద జీఎస్టీ దేశమంతటా 5 శాతమే. అయినా ధర ఒకటి కాదు. 2025 ఏప్రిల్‌లో యాభై రూపాయలు పెంచిన తర్వాత 14.2 కిలోల సిలిండరు రేవు, రిఫైనరీ ఉన్న ముంబయిలో 852 రూపాయల 50 పైసలు. హైదరాబాదులో 905 రూపాయలు. పన్ను ఒకటే అయినప్పుడు ఈ తేడా ప్రధానంగా రవాణాదే. ఆదిలాబాదు లాంటి జిల్లాలకు పోతే హైదరాబాదు ధర కంటే కూడా ఎక్కువ. ఇంటికి తెచ్చి ఇచ్చే ఖర్చు బిల్లులోనే కలిసి ఉంటుంది. గోదాము నుంచి మనమే తెచ్చుకుంటే కొంత తగ్గించాలి కూడా. కానీ వాహనం రాని గూడేలకు సిలిండరు చేర్చుకోవడానికి ఆటో కిరాయి ఇంటివాళ్ళే పెట్టుకుంటున్నారు. ముంబయి మహిళ కన్నా తక్కువ సంపాదించే మనిషి, ఆమె కన్నా ఎక్కువ ధర కడుతోందన్నమాట.

దూరం ఉన్నాక ఖర్చు తప్పదు కదా అంటారు. ఒక చరిత్ర గుర్తు చేస్తాను. 1952 నుంచి సుమారు నలభై ఏళ్ళపాటు ఈ దేశంలో రవాణా చార్జీల సమీకరణ విధానం ఉండేది. ఉక్కు, సిమెంటు వంటివి దేశంలో ఏ మూల ఉన్న ఫ్యాక్టరీకైనా ఒకే ధరకు అందేట్టు చూశారు. దానివల్ల గనులున్న బీహారు వంటి రాష్ట్రాలు నష్టపోయాయి కూడా. 1993లో దాన్ని ఎత్తేశారు. ఆ విధానం మంచిదని నేననడం లేదు. దూరం ఖర్చును అందరి మీదా సర్దడం అసాధ్యం కాదని మాత్రం అది చెబుతోంది. కార్ఖానా కొలిమికి చేయగలిగింది వంటింటి పొయ్యికి ఎందుకు చేయలేరు?

ఇప్పుడు వేతనాల సంగతి. 1948 నాటి కనీస వేతనాల చట్టం కింద మన రాష్ట్రాల్లో అనేక పనులకు ప్రాంతాలను జోన్లుగా విడదీశారు. మహానగరానికో రేటు, చిన్న పట్టణాలకూ పల్లెలకూ అంతకంటే తక్కువ రేటు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ వచ్చింది. అందులోనూ ప్రాంతాన్ని బట్టి వేతనం నిర్ణయించే వీలుంది. కరువు భత్యానికి ఆధారమైన పారిశ్రామిక కార్మికుల ధరల సూచీని దేశంలో 88 కేంద్రాల నుంచి లెక్కగడతారు. అవి పారిశ్రామిక కేంద్రాలు. ఏజెన్సీ గూడెంలో ఉప్పు, సబ్బు, సిలిండరు ఎంతకు దొరుకుతాయో ఆ లెక్కలోకి రాదు. అంటే, చౌక అని చెప్పి కూలి తగ్గిస్తారు, దూరం అని చెప్పి ధర పెంచుతారు. రెండు దెబ్బలూ ఒకే ఇంటి మీద పడతాయి.

ఆ ఇంట్లోనూ ఆ దెబ్బ అందరికీ సమానంగా తగలదు. గ్యాసు కొనలేని నెలలో భర్త భోజనం ఆగదు, పిల్లల బడి అన్నం ఆగదు. ఆమె కట్టెలకు పోతుంది. మోపు తలకెత్తుకుని నడుస్తుంది. పొగలో వండుతుంది. రూపాయల్లో కట్టలేని తేడాను నడుంతో, కళ్ళతో, ఊపిరితిత్తులతో కడుతుంది. కట్టెలకు పైసా ఖర్చు కాలేదు గనక ఆ ఇంట్లో ఇంధనం ‘ఉచితం’ అని లెక్కల్లో రాసుకుంటారు. ఆమె పొద్దంతా పోయిన సంగతి ఏ సూచీలోనూ కనిపించదు.

పథకాలున్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి, వాటివల్ల మేలూ జరిగింది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం మహిళల పేరున కనెక్షన్లు ఇచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. 2023 అక్టోబరులో ఉజ్వల సబ్సిడీని సిలిండరుకు 300 రూపాయలు చేశారు. కానీ అంతకుముందే కనెక్షన్ ఉన్న ఇల్లు ఉజ్వల కిందికి రాదు. దీపం కింద ముందే పొయ్యి వెలిగించుకున్న పేద మహిళకు ఆ మూడు వందలు అందవు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 500 రూపాయల సిలిండరు, ఆంధ్రలో 2024 నవంబరు నుంచి ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు మొదలయ్యాయి. రెండు చోట్లా ముందు పూర్తి ధర కట్టాలి, డబ్బు తర్వాత ఖాతాలో పడుతుంది. ఆ పూర్తి ధర ముందుగా ఎక్కడ నుంచి తేవాలి? కనెక్షన్ మొగుడి పేరున ఉంటే తిరిగొచ్చిన డబ్బు ఎవరి చేతికి పోతుంది? ఉచిత బస్సు కూడా అంతే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి అది మనకెంతో ఆసరా. కానీ బస్సే రాని ఊళ్ళో ఉచిత టిక్కెట్టుకు అర్థం లేదు.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ఇంటి సిలిండరుకు రవాణా తేడాను ప్రభుత్వమే భరించాలి. ముందు కట్టించుకోవడం మాని, సబ్సిడీ ధరకే సిలిండరు ఇవ్వాలి. కనెక్షన్, ఖాతా మహిళ పేరున ఉండాలి. కనీస వేతనం నిర్ణయించేటప్పుడు మారుమూల ప్రాంతాల అసలు ధరలను, కట్టెలకూ నీళ్ళకూ పోయే గంటలను లెక్కలోకి తీసుకోవాలి.

ఇందుకు ముందుగా మన దగ్గర లెక్క ఉండాలి. ప్రతి సంఘం తమ ఊళ్ళో సిలిండరు బిల్లెంత, పైన ఎంత కట్టారు, సంతకి ఆటో చార్జీ ఎంత, కట్టెలకు ఎన్ని గంటలు పట్టింది, నెలనెలా రాసిపెట్టాలి. 1972లో ముంబయిలో మృణాల్ గోరే, అహల్యా రంగ్నేకర్ వంటి నాయకులతో కలిసి వేలమంది గృహిణులు అప్పడాల కర్రలు పట్టుకుని ధరల మీద వీధుల్లోకి వచ్చారు. వంటింటి లెక్క రాజకీయ ప్రశ్నేనని వాళ్ళు చూపించారు. మన చేతిలో కర్రతోపాటు ఒక నోటు పుస్తకం కూడా ఉండాలి. వచ్చే సమావేశానికి ఆ పుస్తకాలతో రండి.