యంత్రానికి నీతి నేర్పేదెవరు?

(ఉపాధ్యాయులు, గ్రామ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల లోకమంతా ఒకటే మాట. యంత్రానికి తెలివి వచ్చింది, ఇక దానికి నీతి నేర్పాలంటున్నారు. మంచిదే. అయితే ఎవరి నీతి? నీతి పేరు మీదనే మన తాతలకు చదువు లేదన్నారు, చెరువు నీళ్లు ముట్టొద్దన్నారు. ఆ నీతి రాసి ఉన్న మనుస్మృతిని 1927 డిసెంబరు 25న మహద్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో తగలబెట్టారు. కనుక నీతి అనగానే మనం చప్పట్లు కొట్టం. రాసిందెవరని అడుగుతం.

పాఠాలు చెప్పే మాకు ఒక సంగతి తెలుసు. అబద్ధమాడొద్దని బోర్డు మీద రాస్తే పిల్లలు నేర్వరు. పెద్దలు చేసేది చూసి నేరుస్తరు. ఈ కృత్రిమ మేధా అంతే. అమెజాన్ కంపెనీ 2014 నుంచి ఉద్యోగ దరఖాస్తులు ఏరే యంత్రాన్ని తయారు చేయించింది. పదేళ్ల పాత దరఖాస్తులే దానికి పాఠాలు. వాటిలో ఎక్కువ మగవాళ్లవి. ఆడవాళ్లకు సంబంధించిన మాట కనబడితే మార్కులు తగ్గించడం అది నేర్చుకుంది. ఆ మాటలు పట్టించుకోవద్దని సరిచేశారు. అయినా ఇంకో దారిలో వివక్ష చూపదన్న నమ్మకం కుదరక పని మానుకున్నారు. 2018లో సంగతి బయటపడింది.

ఆ ఇంకో దారి ఏందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. పట్నంలో ఇల్లు అద్దెకు అడగబోతే కులమేందని నోరు తెరిచి అడగరు. ఇంటిపేరేంది, ఊళ్లో ఎటువైపు, ఏం తింటరు అని అడుగుతరు. చివరికి తేలేది కులమే. యంత్రంలోంచి కులం గడి తీసేసినా ఇంటిపేరూ, పేటా, బడీ మిగిలే ఉంటయి. కులం ఎక్కడెక్కడ దాక్కుంటదో అనుభవించినోళ్లు నేర్పేచోట కూర్చోవాలె.

ఇప్పుడు కూర్చున్నదెవరు? నియమాలు రాసేది పెద్ద జీతాల ఇంజనీర్లు. మురికి ఎత్తేది వేరేవాళ్లు. చాట్‌జీపీటీ నోటి నుంచి బూతులు, హింస రాకుండా ఉండాలంటే అట్లాంటి రాతలను మనుషులు చదివి గుర్తు పెట్టాలె. ఆ పనిని కెన్యాలో గంటకు రెండు డాలర్ల లోపు కూలికి చేయించారని 2023లో టైమ్ పత్రిక బయటపెట్టింది. నీతి నేర్పే పనిలోనే నీతి లేదు! పాకీ పని ఎవరి నెత్తిన పెట్టారో ఎరిగిన మనకు ఇది కొత్త కథ కాదు.

ఇదంతా దూరపు ముచ్చట అనుకోవద్దు. తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్ వ్యవస్థ పేర్లూ అడ్రసులూ పోల్చి ఎవరు పేదలో తేల్చింది. కారు లేనోళ్లకు కారుందని చూపి బియ్యం ఆపిన వైనం పత్రికలకెక్కింది. రద్దయిన రేషన్ కార్డులను మళ్లీ మనుషులు పోయి పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

రాజ్యాంగ నైతికత పుట్టుకతో రాదు, పెంచుకోవాల్సిందేనని 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ అన్నారు. మనిషికే పుట్టుకతో రానిది యంత్రానికి ఎట్లొస్తది? మనుషులు మారకుండా అది మారదు. అందాక చేతులు కట్టుకోని కూర్చుందామా?

మనం అడగాల్సినవి మూడు. యంత్రం చెప్పిందని కార్డూ పింఛనూ తీసేయొద్దు, ముందు మనిషి వచ్చి చూడాలె. ఎందుకు తీసేశారో తెలుగులో కాగితం మీద రాసియ్యాలె. తప్పు జరిగితే సంతకం పెట్టిన అధికారి జవాబు చెప్పాలె.

వచ్చే మీటింగుకు ప్రతి వాడ నుంచీ తీసేసిన కార్డుల లెక్క రాసి తీసుకురండి. ఆ లెక్కతోనే మండలాఫీసుకు పోదాం.

జై భీమ్!