ఎరుకల తల్లులు - సర్కారు దస్త్రాలు



గంపలూ చాటలూ అమ్ముకుంటూ మన వాకిళ్ళలోకి వచ్చే ఎరుకలమ్మను మీరందరూ ఎరుగుదురు. బేరమాడి కొంటాం, సోది చెప్పమని కూర్చోబెట్టుకుంటాం. ఆమె అటు వెళ్ళగానే గిన్నెలు లెక్కపెట్టుకునే ఇల్లాళ్ళూ ఉన్నారు, కాదనకండి! ఈ అనుమానానికి ఒకప్పుడు చట్టమే అండగా నిలిచింది.

ఆ రోజుల్లో మన వైపు నైజాం ఏలుబడి. కృష్ణ దాటితే ఇంగ్లీషువారి మద్రాసు రాజధాని. అక్కడి ఎరుకలవారు ఎద్దులమీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని ఊరూరా అమ్మేవారు. రైళ్ళొచ్చాయి, ఉప్పుమీద సర్కారు పెత్తనం వచ్చింది, ఎద్దుల బేరం పడిపోయింది. బతుకుతెరువు పోయి తిరిగేవాళ్ళు సర్కారు కంటికి దొంగల్లా కనిపించారు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి పాత దస్త్రాలు తిరగేసి, 2001లో వచ్చిన పుస్తకంలో ఇదంతా వివరించారు.

నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఫలానా తెగ అని సర్కారు ప్రకటించిందా, ఇక అందులో పుట్టినవాళ్ళు రిజిస్టరులోకి ఎక్కాల్సిందే. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటితే పాసు. బాపట్లకూ చీరాలకూ మధ్య 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతిలో ఒక సెటిల్మెంటు పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద అది స్టువర్టుపురమైంది. సినిమాల పుణ్యమా అని ఆ పేరు వినగానే మనకు దొంగలే గుర్తొస్తారు గానీ, అక్కడివాళ్ళు చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలిచేసిన సంగతి ఎవరూ సినిమా తీయలేదు.

తల్లులం కనుక మనం ఆగి వినవలసింది ఇది. ఆరేళ్ళు దాటి పద్ధెనిమిది నిండని పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి, వేరే బడిలో పెట్టే అధికారం ఆ చట్టం సర్కారుకిచ్చింది. బిడ్డ ఏం నేరం చేసిందని? ఏమీ లేదండీ, ఫలానా అమ్మకు పుట్టింది, అంతే.

ఇదే ఆలోచన కెనడాలో ఇంకా పెద్దయెత్తున నడిచింది. అక్కడి ఆదిమజాతుల పిల్లలను, లక్షన్నర మందికి తక్కువ కాకుండా, సర్కారూ చర్చీలూ కలిసి హాస్టలు బళ్ళలో పెట్టాయి. సొంత భాష మాట్లాడితే దండించేవారు. చివరి బడి 1990లలో గాని మూతపడలేదు. 2008లో వేసిన సత్యశోధక సంఘం చర్చీల దస్త్రాలు పోగుచేసింది, సర్కారు కాగితాల కోసం కోర్టుకు కూడా వెళ్ళింది. అంతటితో ఊరుకోక, ఆ బళ్ళలో చదివిన వాళ్ళనూ వాళ్ళ కుటుంబాలనూ కూర్చోబెట్టి ఆరువేల మందికి పైగా చెప్పింది నమోదు చేసింది. 2015 నుంచి ఆ కాగితాలూ ఆ మాటలూ విన్నిపెగ్‌లో మనిటోబా విశ్వవిద్యాలయంలో ఒకే చోట ఉన్నాయి.

మన దగ్గరా కాగితాలకు కొదవలేదు. మద్రాసు సర్కారు ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. సాల్వేషన్ ఆర్మీ దస్త్రాలు లండనులో ఉన్నాయి. అయితే వాటిలో మాట్లాడేది పోలీసులూ మేనేజర్లూ దొరలూ. ఎంతమంది హాజరయ్యారు, ఎంతమంది పారిపోయారు అన్న ధోరణే తప్ప, బిడ్డను పంపిన రాత్రి తల్లి అన్నం తిన్నదా అన్నది ఏ గుమాస్తా రాస్తాడు చెప్పండి?

జాషువా మహాకవి కుమార్తె హేమలతా లవణం 1970లలో స్టువర్టుపురం వెళ్ళి ఆ కుటుంబాల మధ్య పనిచేశారు. అంతకుముందే, 1947లో మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని రద్దుచేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. మద్రాసులో రద్దయిన నాడు హాజరు వరుసలో అమ్మ కొంగు పట్టుకు నిలబడ్డ పదేళ్ళ పిల్ల ఉంటే, ఇప్పుడామెకు తొంభై దగ్గర పడుతూ ఉంటాయి.