హౌరా మైదానమున ఆగిన చిన్నబండి

(సంఘ వార్షికోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



మనలో పెక్కుమందికి హౌరా యనగా స్వస్థలమునకు పోవు బండి యెక్కు తావు. వాల్తేరు మీదుగా సాగు ఆ పెద్దదారిని మనమెల్లర మెరుగుదుము. ఆ స్టేషనుకు సమీపముననే, హౌరా మైదానమున, వెనుక మరియొక చిన్న స్టేషను ఉండెడిది. దాని కథను నేడు మనవి చేసెదను.

1897లో మార్టిన్ కంపెనీవారు హౌరా నుండి డోమ్‌జూర్ వరకు రెండడుగుల వెడల్పు గల రైలుదారిని వేసిరి. మరుసటి యేట అది ఆమ్తాకు చేరెను. షియాఖాలాకు వేరొక దారి పోయెను. బండి చిన్నది, నడక నెమ్మది. అయినను పల్లెవాని కూరగాయల గంపకును, గుమాస్తా గొడుగునకును దానిలో చోటు దొరకెడిది.

పిమ్మట బస్సులును లారీలును పోటీకి వచ్చెను. నష్టములు పెరిగెను. 1971 జనవరి 1వ తేదీతో ఆ బండ్లు ఆగిపోయెను. ప్రయాణికులు దారిని కోల్పోయిరి; సిబ్బంది జీవనాధారమునే కోల్పోయిరి.

నష్టము తెచ్చు బండిని ఆపుట తప్పని నేననను. కాని దానికి బదులేది? సాంత్రాగాఛీ నుండి వేసిన పెద్ద లైను బర్గాఛియా చేరుసరికి 1980ల నడిమి కాలమయ్యెను. ఆమ్తా చేరినది 2004లో! చిన్నబండి ఆగిననాడు పుట్టిన శిశువు, పెద్దబండి వచ్చునాటికి 33 ఏండ్లవాడయ్యెను. వాని చదువును, ఉద్యోగమును, పెండ్లియు రైలు కొరకు ఆగియుండునా?

ఆ క్రొత్త లైను మనవారెందరో సేవచేసిన ఆగ్నేయ రైల్వేలోనిదే. కావున ఇది మనకు పరాయి కథ కాదు. హౌరా మైదానమునకు సైతము మరల మంచిదినములు వచ్చెను. 2024 మార్చిలో అచ్చట నుండి హుగ్లీనది అడుగుగా ఎస్ప్లనేడుకు మెట్రో నడచెను. 2025 ఆగస్టులో అది సాల్ట్‌లేకు మార్గముతో కలిసెను. సంతోషమే. కాని ఆమ్తా పల్లెల నిరీక్షణమును మరువరాదు.

మనము కాగితములు నడుపువారము. ఒక దారిని మూయవలెనని వ్రాయు కలమే, బదులుదారిని ఎన్నడు తెరచెదమో ఆ కాగితముననే వ్రాయవలెను. పాత పడవను విప్పకమునుపే క్రొత్త పడవను రేవున కట్టుట గదా తెలివి!