మణికట్టు లెక్కలు

నిజామాబాద్‌లో ఆడపిల్లల ఆటల ముచ్చట వస్తే మొదట వినిపించే పేరు నిఖత్ జరీన్. వినిపించాల్సిందే. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ చాంపియన్, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్. ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ ఊరు పాకాల కూడా ఈ జిల్లాదే. అయినా ఇవాళ్టి ఉపన్యాసం బాక్సింగ్ మీదా కాదు, పర్వతాల మీదా కాదు. టెన్నిస్‌ను బతుకుతెరువుగా ఎంచుకున్న ఇద్దరు ఆడవాళ్ల మీద. ఒకరు హైదరాబాద్ సానియా మీర్జా. మరొకరు ఇటలీకి చెందిన ఫ్లావియా పెన్నెట్టా. ఇద్దరివీ కుడిచేతి ఆటలు, ఇద్దరికీ కుడి మణికట్టే దెబ్బతింది, ఇద్దరికీ ఆపరేషన్ తప్పలేదు. ఆ తర్వాత ఇద్దరూ ఎంచుకున్న దారులు వేరు. రెండు దారులూ 2015 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో ఒకే కోర్టు మీదికి చేరాయి.

నిఖత్ పేరు ముందుగా తేవడానికి కారణం ఉంది. 2017లో ఆమె భుజానికి దెబ్బ తగిలి శస్త్రచికిత్స అయింది, చాలాకాలం రింగ్‌కు దూరమైంది. కానీ బాక్సింగ్‌లో జాతీయ శిబిరం ఉంటుంది, సెలక్షన్ ట్రయల్స్ ఉంటాయి, కోలుకున్నాక తిరిగి వెళ్లడానికి ఒక గుమ్మం ఉంటుంది. ఆ గుమ్మం దాటడం ఎంత కష్టమో నిఖత్‌కే తెలుసు, అది వేరే మాట. టెన్నిస్ టూర్‌లో అలాంటి శిబిరం ఉండదు. క్రీడాకారిణే యజమాని, క్రీడాకారిణే కూలీ. కోచ్ జీతం, ఫిజియో ఫీజు, విమానం టికెట్, హోటల్ గది అన్నీ ఆమె జేబులోంచే. ఆడని వారానికి ప్రైజ్ మనీ సున్నా.

అంతకంటే కఠినమైంది ర్యాంకింగ్. 1975 నుంచి మహిళల టెన్నిస్‌లో కంప్యూటర్ ర్యాంకులు నడుస్తున్నాయి. గెలిచిన ప్రతి టోర్నీకీ పాయింట్లు, గ్రాండ్‌స్లామ్ టైటిల్‌కైతే 2000. ఆ పాయింట్లకు ఆయుష్షు 52 వారాలు. నిరుడు ఫ్యాక్టరీకి తోలిన చెరకుకు ఈ ఏడు బిల్లు రాదని బోధన్ రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. మళ్లీ నాటాలి, మళ్లీ కొట్టాలి, మళ్లీ తోలాలి. టెన్నిస్ పాయింట్లూ అంతే. ఆర్నెల్లు మంచం పట్టిన క్రీడాకారిణి లేచి చూసుకునేసరికి పాత పాయింట్లు చాలావరకు రాలిపోయి, పెద్ద టోర్నీల్లో నేరుగా ఆడే అర్హతే పోయే ప్రమాదం ఉంటుంది. చాలామంది మళ్లీ చిన్న ఊళ్లలో జరిగే అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) టోర్నీల నుంచి ఎక్కి రావాల్సి వస్తుంది. వాటిలో కింది మెట్టు టోర్నీకి మొత్తం ప్రైజ్ మనీ 15,000 డాలర్లు. దాన్ని మెయిన్ డ్రాలో ఆడినవాళ్లందరూ పంచుకుంటారు. మొదటి రౌండ్‌లో ఓడినవాళ్ల వాటా ఆ ఊళ్లో హోటల్ బిల్లుకు కూడా చాలదు.

ఈ లెక్క మనసులో పెట్టుకుని సానియా కథ చూడాలి. 1986లో ముంబైలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగిన ఆ అమ్మాయి ఆరేళ్లకే రాకెట్ పట్టింది. ఆట నేర్పినవాళ్లలో ముఖ్యుడు తండ్రి ఇమ్రాన్ మీర్జా. 2003లో రష్యా అమ్మాయి అలీసా క్లేబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. ఆమెకు ముందు, ఓపెన్ యుగంలో గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో ఒక్క మ్యాచ్ గెలిచిన తొలి భారతీయ మహిళ నిరుపమా వైద్యనాథన్. అది 1998 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో. అంటే సానియా వచ్చేనాటికి మన దేశ మహిళల టెన్నిస్‌కు చెప్పుకోవడానికి ఒక్క మ్యాచ్ విజయమే పెద్ద చరిత్ర.

ఇక్కడ జనం మరచిపోయే సంగతి ఒకటుంది. 2003 నుంచి 2005 దాకా హైదరాబాద్‌లో మహిళల టెన్నిస్ సంఘం (డబ్ల్యూటీఏ) టోర్నీ జరిగింది. పదహారేళ్ల సానియాకు 2003లో అక్కడ వైల్డ్‌కార్డ్ దొరికింది. 2004లో లీజెల్ హ్యూబర్‌తో డబుల్స్ టైటిల్. 2005 ఫిబ్రవరి 12న ఫైనల్లో ఉక్రెయిన్‌కు చెందిన అల్యోనా బొండరెంకో మీద 6-4, 5-7, 6-3తో గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ అందుకున్న తొలి భారతీయ మహిళ అయింది. సొంతూళ్లో టోర్నీ అంటే టికెట్ ఖర్చు లేదు, హోటల్ ఖర్చు లేదు, ర్యాంకు చాలకపోయినా తలుపు తీసేవాళ్లు ఉంటారు. సానియా ప్రతిభ గురించి మాట్లాడేవాళ్లు చాలామంది. ఆ టోర్నీ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 2006లో అది బెంగళూరుకు తరలిపోయింది.

2005 ఆమెది. ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్‌లో సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ స్వెత్లానా కుజ్నెత్సోవాను ఓడించింది. యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్లి షరపోవా దగ్గర ఆగింది. 2007 ఆగస్టు నాటికి సింగిల్స్‌లో 27వ ర్యాంకు. ఇవాళ్టి దాకా మరే భారతీయ మహిళా సింగిల్స్‌లో ఆ ఎత్తు చూడలేదు, తొలి నూరు మందిలోకి కూడా రాలేదు.

ఆ ఎత్తుకు చేర్చింది ఒక్కటే ఆయుధం, ఫోర్‌హ్యాండ్. సర్వీస్ మామూలు. పరుగు అంతంతే. కానీ కుడిచేతి మణికట్టును విదిల్చి బంతిని కొడితే ఎదుటివాళ్లు కదలకముందే అది గీత దగ్గర పడి వెళ్లిపోయేది. టెన్నిస్ బంతి బరువు 58 గ్రాములకు అటూఇటూ. రాకెట్ తీగలకు అది తగిలి ఉండేది సెకనులో వెయ్యో వంతులు నాలుగైదు మాత్రమే. ఆ లిప్తకాలపు తాకిడినంతా మోసేది ఎనిమిది చిన్న ఎముకలు, వాటిని పట్టి ఉంచే స్నాయువులు. రోజూ వందలసార్లు, ఏళ్ల తరబడి. ముందు వరసలో కూర్చున్న పిల్లలు ఒకసారి తమ మణికట్టు పట్టుకుని చూసుకోవచ్చు. అక్కడ కండ ఎంత తక్కువో వేళ్లకే తెలుస్తుంది. దెబ్బను పీల్చుకోవడానికి అక్కడ మెత్తటిదేమీ లేదు.

2008లో ఆ మణికట్టే చెయ్యిచ్చింది. ఆపరేషన్ అయింది. బీజింగ్ ఒలింపిక్స్ మొదటి రౌండ్‌లో నొప్పి భరించలేక మ్యాచ్ మధ్యలోనే తప్పుకుంది. మోకాళ్ల బాధ సరేసరి. ఆ రోజుల్లో పత్రికలు ఆమె స్కర్ట్ పొడవు గురించి, పెళ్లి గురించి రాసినన్ని పేజీలు మణికట్టు గురించి రాయలేదు. ఆ కెరీర్‌ను మలుపు తిప్పింది మాత్రం మణికట్టే.

పెన్నెట్టా కథ ఇటలీ మడమ దగ్గర, సముద్రం ఒడ్డున ఉన్న బ్రిండిసిలో 1982లో మొదలవుతుంది. 2009లో ప్రపంచ తొలి పదిమందిలోకి చేరిన తొలి ఇటాలియన్ మహిళ. 2011లో అర్జెంటీనాకు చెందిన గిసేలా దుల్కోతో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచి, అదే ఏడాది డబుల్స్‌లో నంబర్ వన్ అయింది. సానియా ఆ మెట్టు ఎక్కడానికి నాలుగేళ్ల ముందే. 2012లో కుడి మణికట్టుకు శస్త్రచికిత్స జరిగింది. నెలల తరబడి ఆటకు దూరం. దుల్కో ఆ ఏడాదే రిటైరైంది. 2013లో పెన్నెట్టా సింగిల్స్ ర్యాంకు తొలి నూరు మందిలోంచి జారిపోయింది. వయసు ముప్పై దాటింది.

డబుల్స్ నంబర్ వన్‌గా ఉన్న మనిషి కాబట్టి ఆమెకు డబుల్స్ దారి పరిచినట్టే ఉంది. అయినా సింగిల్స్‌నే పట్టుకుంది. 2013 యూఎస్ ఓపెన్‌లో సీడింగ్ లేకుండానే సెమీఫైనల్ చేరింది. 2014లో ఇండియన్ వెల్స్ టైటిల్ గెలిచింది.

సరిగ్గా అదే సమయంలో సానియా తిరగేసిన లెక్క వేసింది. 2013లో సింగిల్స్‌కు స్వస్తి చెప్పింది. అప్పటికే మహేశ్ భూపతితో 2009 ఆస్ట్రేలియన్, 2012 ఫ్రెంచ్ మిక్స్‌డ్ టైటిళ్లు ఉన్నాయి. అయినా సింగిల్స్ వదిలేయడం మన దగ్గర ఓటమిగానే కనిపించింది. ఒంటరిగా ఆడలేక జోడీ వెతుక్కుందని అనుకున్నవాళ్లు ఉన్నారు. అది చాలా తప్పుడు చూపు. సింగిల్స్‌లో ఒక గేమ్ తప్పించి ఒక గేమ్ సర్వీస్ చేయాలి. డబుల్స్‌లో నాలుగు గేములకు ఒకసారి. కోర్టు వెడల్పు 8.23 మీటర్ల నుంచి 10.97 మీటర్లకు పెరుగుతుంది గానీ, దాన్ని ఇద్దరు పంచుకుంటారు. మామూలు టూర్ టోర్నీల్లో మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్‌తో ముగుస్తుంది. అంటే పరుగు తగ్గింది, సర్వీస్ బాధ్యత సగమైంది, ఫోర్‌హ్యాండ్ పదును మాత్రం అలాగే ఉంది. ఉన్న ఒక్క ఆయుధాన్నీ ఎక్కువ కాలం వాడుకునే చోటుకు ఆమె మారింది. భారత క్రీడల్లో ఒక క్రీడాకారిణి తన ఒంటి గురించి తీసుకున్న తెలివైన నిర్ణయాల్లో దీన్ని మొదటి వరసలో పెట్టాలి.

2014లో బ్రూనో సోరెస్‌తో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్, కారా బ్లాక్‌తో ఏడాది చివరి డబ్ల్యూటీఏ ఫైనల్స్. 2015 మార్చిలో మార్టినా హింగిస్‌తో జత కుదిరింది. పదహారేళ్లకే సింగిల్స్ నంబర్ వన్ అయిన స్విస్ మేధావి హింగిస్. అంతకు ముందు ఏడాది హింగిస్ పక్కన ఆడింది ఎవరో కాదు, పెన్నెట్టాయే. ఆ ఇద్దరూ 2014 యూఎస్ ఓపెన్ డబుల్స్ ఫైనల్ దాకా వెళ్లి ఓడారు. వెనక నుంచి సానియా కొట్టే ఫోర్‌హ్యాండ్, నెట్ దగ్గర హింగిస్ చేతివాటం కలిసేసరికి మొదటి మూడు టోర్నీలూ వాళ్లవే: ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్స్‌టన్. ఏప్రిల్ 13న సానియా డబుల్స్ నంబర్ వన్. మొత్తం 91 వారాలు ఆ ర్యాంకులో ఉంది. వింబుల్డన్ ఫైనల్లో చివరి సెట్‌లో 2-5తో వెనకబడి, ఒక్కో గేమే లాక్కుని 7-5తో గెలిచారు.  

అదే ఏడాది సెప్టెంబర్‌లో యూఎస్ ఓపెన్ డబుల్స్ సెమీఫైనల్. ఒకవైపు సానియా, హింగిస్. అవతల ఇద్దరు ఇటాలియన్లు, సారా ఎరానీ, ఫ్లావియా పెన్నెట్టా. స్కోరు 6-4, 6-1, సానియా జోడీది. ఆ తర్వాత ఫైనల్ కూడా గెలిచి టైటిల్ ఎత్తారు. కానీ ఓడిన పెన్నెట్టా దగ్గర సింగిల్స్ ఇంకా మిగిలి ఉంది. సెమీఫైనల్లో సిమోనా హాలెప్‌ను 6-1, 6-3తో చిత్తు చేసింది. రెండో సెమీస్‌లో, ఆ ఏడాది నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ గెలుస్తుందనుకున్న సెరెనాను రాబెర్టా విన్చీ ఓడించి ప్రపంచాన్ని నివ్వెరపరిచింది. విన్చీ ఊరు తరాంతో. బ్రిండిసికి, తరాంతోకు మధ్య దూరం నిజామాబాద్ నుంచి కామారెడ్డి దాటి కాస్త ముందుకు పోయినంత. చిన్నప్పటి నుంచి ఒకరినొకరు ఎరిగిన ఇద్దరు దక్షిణ ఇటలీ ఆడవాళ్లు ప్రపంచంలోనే అతిపెద్ద టెన్నిస్ స్టేడియంలో ఫైనల్ ఆడారు. పెన్నెట్టా 7-6, 6-2తో గెలిచింది. 33 ఏళ్ల వయసులో తొలి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిల్. బహుమతి ప్రదాన వేడుకలోనే మైకు ముందు రిటైర్మెంట్ ప్రకటించింది.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. టెన్నిస్ ఎంత పక్షపాతి ఆటో అక్కడే తెలుస్తుంది. ఆ ఏడాది యూఎస్ ఓపెన్ సింగిల్స్ విజేతకు 33 లక్షల డాలర్లు, అప్పటి రేటులో దాదాపు 22 కోట్ల రూపాయలు. డబుల్స్ విజేతలకు ఇద్దరికీ కలిపి 5 లక్షల 70 వేల డాలర్లు. సగం చేస్తే ఒక్కొక్కరికి సుమారు 1.9 కోట్లు. పెన్నెట్టా పందెం పెద్దది, పండే అవకాశం తక్కువ, పండింది. సానియా పందెం చిన్నది, కానీ ఏళ్ల తరబడి పండుతూనే ఉంది: 2015లోనే హింగిస్‌తో తొమ్మిది టైటిళ్లు, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్, వరసగా 41 మ్యాచ్‌ల విజయం, కెరీర్ మొత్తంలో 43 డబుల్స్ టైటిళ్లు. ఆస్ట్రేలియాలో ఫైనల్లో ఓడించిన చెక్ జోడీ హ్లవచ్కోవా, హ్రదెత్స్కా ఐదేళ్ల ముందు ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో సానియాను ఓడించినవాళ్లే. ఇలాంటి బాకీలు తీర్చుకోవాలంటే ముందు ఆటలో మిగిలి ఉండాలి.

2018 అక్టోబర్‌లో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో తిరిగి వచ్చి, తొలి టోర్నీలోనే హోబార్ట్‌లో నాదియా కిచెనోక్‌తో డబుల్స్ టైటిల్. ఆ ఏడాది మహిళల జట్ల పోటీ ఫెడ్ కప్‌లో భారత జట్టు మొట్టమొదటిసారి ప్లేఆఫ్స్‌కు చేరింది. దానికి సానియాకు దక్కిన అవార్డు సొమ్ము 2000 డాలర్లను తెలంగాణ ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చేసింది. 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో రోహన్ బోపన్నతో మిక్స్‌డ్ ఫైనల్ దాకా వెళ్లి, మరుసటి నెలలో దుబాయ్‌లో మొదటి రౌండ్‌లో ఓడి ఆట ముగించింది.

ఆమె తర్వాత ఎవరు అని అడిగేవాళ్లకు రెండు పేర్లు చెప్పొచ్చు. సహజ యమలపల్లి, శ్రీవల్లి రష్మిక భమిడిపాటి. 2025 ఏప్రిల్‌లో పుణెలో బిల్లీ జీన్ కింగ్ కప్ (పాత ఫెడ్ కప్) పోటీల్లో శ్రీవల్లి సింగిల్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. భారత్ రెండోసారి ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. ఇద్దరి సింగిల్స్ ర్యాంకులూ తొలి నూటికి ఇంకా చాలా దూరంలోనే ఉన్నాయి. వాళ్లకు హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ టోర్నీ లేదు. పాయింట్ల కోసం చాలా వారాలు బ్యాగు సర్దుకుని పరాయి దేశాలకు పోవాల్సిందే, ఆ టికెట్లు కొనాల్సిందే.