ఎవరి చేతిలోని ఫోనులో పరీక్షించారు?

(మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వెబ్‌సైట్‌ను రకరకాల ఫోన్లలో, బ్రౌజర్లలో పరీక్షించడం ఇంజనీర్ల పని, మనకెందుకు అని చాలామంది అనుకుంటారు. కాని పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై ఫిర్యాదుల కోసం కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించి, 2024లో కొత్త రూపంలో తెచ్చిన షీ-బాక్స్ ఒక వెబ్‌సైటే. మన సంస్థలు కూడా సలహా కేంద్రాల వివరాలు వెబ్‌సైట్లలో పెడుతున్నాయి. ఫిర్యాదు ఫారం ఆమె ఫోనులో తెరుచుకోకపోతే చట్టం ఉండి కూడా ఆమెకు అందనట్టే. అందుకే దీన్ని హక్కుల ప్రశ్నగా చూడాలంటున్నాను.

పరీక్షలు సాధారణంగా ఆఫీసులో, మంచి నెట్‌తో, కొత్త ఫోనులో, ఇంగ్లీషులో జరుగుతాయి. అంటే సొంత ఫోనూ ఏకాంతమూ ఉన్న మనిషే ప్రమాణం. వాస్తవమేమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్నవారు 54 శాతమే. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు పురుషుల్లో 57 శాతం, స్త్రీలలో 33 శాతం. ఆంధ్రప్రదేశ్‌లోనైతే స్త్రీలలో 21 శాతమే. తర్వాతి ఏళ్ళలో వాడకం పెరిగినా, ఈ అసమానత ఎక్కణ్ణుంచి వచ్చిందో మరచిపోకూడదు.

ఒకే పేజీ అన్ని ఫోన్లలో ఒకేలా ఎందుకుండదు? ఫోనుకు వచ్చేది తయారైన బొమ్మ కాదు, పేజీని ఎలా పేర్చాలో చెప్పే సూచనలు. వాటిని చదివి పేర్చేది బ్రౌజర్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఐఫోనులోని సఫారీ ఎవరి పద్ధతిలో వారు పేరుస్తారు. ఒపెరా మినీ అయితే, డేటా బాగా పొదుపు చేసే పద్ధతిలో, పేజీని ముందు తన సర్వర్లలో కుదించి పంపుతుంది. అప్పుడు ఫారంలో కొన్ని మీటలు పనిచేయకపోవచ్చు. పాత ఫోనులో మెమరీ చాలక, మధ్యలో కాల్ వస్తే రాసిందంతా పోవచ్చు. కంప్యూటర్ తెరను ఫోనంత చేసి చూసినంత మాత్రాన ఇవన్నీ బయటపడవు.

తెలుగు సంగతి విడిగా చెప్పాలి. ఇంగ్లీషుకు సరిపడేలా వరసల మధ్య ఎడం పెడితే మన గుడులూ వత్తులూ తెగిపోతాయి. ‘స్త్రీ’ అన్న మాటే మంచి పరీక్ష. దానికి రెండు వత్తులు, పైన గుడిదీర్ఘం. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరానికి కంటికి కనిపించని ఒక సంకేతం కలిసి వస్తే ఐఫోన్లలో మెసేజి యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ ఆ నెలలోనే 11.2.6 వెర్షన్‌తో సరిచేసింది. అంత పెద్ద కంపెనీ పరీక్షల్లోనే తెలుగు జారిపోతే, చిన్న వెబ్‌సైట్ల మాట చెప్పనక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో చేతులు మారే ఫోను. హింస గురించిన పేజీల్లో ‘వెంటనే బయటికి’ అనే మీట పెడుతున్నారు. అది నొక్కాక, వెనక్కి వెళ్తే ఫిర్యాదు పేజీ మళ్ళీ ప్రత్యక్షమవుతుందా? హిస్టరీలో పేజీ పేరు ఏమని కనిపిస్తుంది? ఆమె రాసిన మాటలు తర్వాత కొడుకు టైపు చేస్తుంటే సూచనలుగా వస్తాయా? ఓటీపీ ఎవరి నంబరుకు వెళ్తోంది? ఇందులో మొదటి మూడూ బ్రౌజర్‌ను బట్టి మారతాయి. ఏ వెబ్‌సైటూ ఫోనులోని హిస్టరీని తనంతట తాను తుడిచెయ్యలేదు. ఆ నిజం పేజీలోనే స్పష్టంగా రాయాలి. నమ్మి నొక్కిన మీట ఆమెను పట్టిస్తే, దెబ్బలు తినేది ఇంజనీరు కాదు.

ఈ పరీక్షకు ప్రయోగశాల అక్కర్లేదు. ఇంటర్నెట్ వచ్చే కీప్యాడ్ ఫోను, గీతలుపడ్డ పాత ఆండ్రాయిడ్, కొత్తది ఒకటి, అరువు తెచ్చిన ఐఫోను చాలు. పరీక్షించేవారు మాత్రం స్వయం సహాయక సంఘాల స్త్రీలు, ఇంటిపని కార్మికులు కావాలి. వాళ్ళ సమయానికి భత్యం ఇవ్వాలి. నిజమైన ఫిర్యాదులు, పేర్లు రాయించకూడదు. 181 నంబరును తాకితే కాల్ వెళ్తోందా? అక్షరాలు రెట్టింపు చేస్తే పేజీ చదవగలమా? చూపులేని స్త్రీకి టాక్‌బ్యాక్ మీటల పేర్లు వినిపిస్తోందా? ఎలక్ట్రానిక్ సమాచారం వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2016 చట్టం చెబుతోంది, కనుక ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. ఎవరైనా తడబడితే ఆమెకు రాదని కాకుండా, పేజీలో లోపముందని రాసుకోవాలి.

ప్రభుత్వం కొత్త వెబ్‌సైట్ ప్రకటించినప్పుడల్లా మనం అడగాల్సినవి మూడు: ఏ ఫోన్లలో, ఏ బ్రౌజర్లలో, ఎవరిచేత పరీక్షించారు? జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. మన సంస్థలు కూడా ఇవే ప్రశ్నలు తమను తాము వేసుకోవాలి. ఎన్ని పరీక్షలు చేసినా సొంత ఫోను లేని స్త్రీ మిగిలే ఉంటుంది. ఆమె కోసం కాగితం ఫారం, తలుపు తెరిచి ఉంచే ఆఫీసు, కూర్చుని వినే మనిషి ఉండి తీరాలి. వెబ్‌సైట్ పెట్టామన్న కారణంతో వాటిని మూసెయ్యనివ్వకూడదు.