వీణ ప్రక్కన మృదంగము



శ్రీరామనవమి పందిళ్లలోను, దేవీనవరాత్రులలోను వీణకచేరి పెట్టింతమని ఒకరనగానే, "వీణ ఎవరికి వినబడునండీ, సన్నాయిమేళము పిలిపింతము" అని మరియొకరనుట మన గోదావరి సీమ గ్రామములలో నేను పలుమారు వింటిని. ఆ మాటలో సగము నిజమున్నది. వీణ నాదము చిన్నదే. కాని అది వినబడకపోవుటకు దాని చిన్నతనమొక్కటే కారణము కాదు. ప్రక్కన కూర్చుండిన మృదంగము ఎట్లు మ్రోగినదనునది తక్కిన సగము. నేడు ఆ తక్కిన సగమును గూర్చి మాటాడదలచితిని.

వీణ మనకు పరాయిది కాదు. పిఠాపుర సంస్థానమున తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారు వైణికులుగా నుండిరి. రవీంద్రనాథ ఠాగూరు వారి వీణను విని శాంతినికేతనమునకు ఆహ్వానించిరి. ఈమని శంకరశాస్త్రిగారు 1922లో ద్రాక్షారామమున జన్మించిరి. తండ్రి అచ్యుతరామశాస్త్రిగారును వైణికులే. శంకరశాస్త్రిగారి శిష్యులు చిట్టిబాబుగారు 1936లో కాకినాడయందు పుట్టిరి. గురువుగారు 1987లోను శిష్యులు 1996లోను గతించిరి. ఇంతటి వైణికులు పుట్టిన సీమలో "వీణ వినబడదు" అను మాట మనకు నచ్చునా?

వీణకు తంత్రులు ఏడు. మెట్లపై వాయించునవి సారణి, పంచమము, మంద్రము, అనుమంద్రము అను నాలుగు. ప్రక్కనుండునవి మూడు తాళతంత్రులు. గాయకుడు ఊపిరి యున్నంతవఱకు స్వరమును నిలుపగలడు, కావలసినచో పెంపుచేయగలడు. ఫిడేలు వాయించువానికి కమాను ఉన్నది. వైణికునకు ఆ సౌకర్యము లేదు. మీటిన క్షణముననే నాదము పుట్టును. అటుపిమ్మట తఱుగుటయే గాని పెరుగుట లేదు. ఆ తఱుగుచున్న నాదముననే ఎడమచేతి వ్రేళ్లతో తంత్రిని లాగి, ఒక్క మీటులో రెండు మూడు స్వరములు పలికించును. అదియే వీణ గమకము. పడవ సాగిపోయిన పిమ్మట దాని అల ఒడ్డునకు సన్నగా వచ్చి తాకునట్లు, వీణలోని సారమంతయు మీటు దాటిన తరువాత వచ్చును. ఆ సమయముననే మృదంగము దరువు వేసెనా, మీటు మాత్రము మన చెవిని పడును, గమకము పోవును.

నా చిన్నతనమున కోనసీమలోని యొక గ్రామమున ఒక వీణకచేరి జరిగినది. వైణికులు నెమ్మదియైన మనిషి. మార్దంగికుడు పడుచువాడు, చేయి మిక్కిలి వడి గలవాడు. రెండవ కృతి నాటికే అతడు ఖాళీ కనబడిన చోటనెల్ల జతులు కుమ్మరింపసాగెను. పందిరిలో "భళా, భళా" అను కేకలు. వైణికులు తమ నాదమును పైకి తెచ్చుకొనుటకై గట్టిగా మీటనారంభించిరి. గట్టిగా మీటిన కొలది గమకములు తగ్గినవి, శ్రుతి చెదరినది. నడిరేయికి ముందే జనము లేచిపోయిరి. మరునాడు రచ్చబండ దగ్గర "వీణలో పస లేదు" అని తీర్పు చెప్పిరి. నిజము చెప్పవలెనన్న, భళా యన్నవారిలో నేనును ఒకడను.

మన చెవులు డోలునకు అలవాటుపడినవి. సన్నాయికి డోలు సరిజోడు. రెండును ఆరుబయట ఊరేగింపున మ్రోగవలసిన వాద్యములు. ఆ చెవులతోనే మనము మృదంగమును విని, అదియు డోలువలె ఉరుమవలెనని కోరుచుందుము. మార్దంగికుడు మన కోరికనే తీర్చుచున్నాడు. తప్పు అతనిదొక్కనిదే యని నేననను.

వీణకు తోడు వాయించుటలో కిటుకంతయు ఎడమచేతి యందున్నది. మృదంగపు కుడిమూతపై నల్లని కరణి యుండును. దానిని షడ్జమునకు శ్రుతిచేయుదురు. ఎడమమూతను తొప్పి యందురు. కచేరికి ముందు దానిపై తడిపిన రవ్వముద్ద నంటింతురు. ఆ బరువుచేత దానికి మంద్రమైన గంభీరనాదము కలుగును. అరచేతి మడమతో తొప్పిని ఒత్తి జరిపినప్పుడు పుట్టు గుంకి అను ధ్వని దీనిదే. వీణ మధ్యస్థాయిలో నడచునప్పుడు ఈ దిగువనాదము దానికి నేలవంటిది. మీటుతోపాటు తొప్పి మెత్తగా ఒక్కమారు పలికినచో, ఆ మీటు ఉన్నదానికంటె పెద్దదిగా తోచును. మృదంగము మ్రోగినదని వినువానికి తెలియదు. వీణ బాగుగ మ్రోగినదనుకొనును.

కాని వైణికుడు సారణిని విడిచి మంద్ర, అనుమంద్ర తంత్రులకు దిగినప్పుడు మార్దంగికుడు మేల్కొనవలెను. అచ్చట వీణయే దిగువకు వచ్చినది. తొప్పియు అదే లోతున మ్రోగినచో రెండు నాదములును బురదనీరువలె కలిసిపోవును. అప్పుడు తొప్పిని ఆపి, కుడిమూత అంచున వ్రేళ్లతో సన్నగా నడపుటయే దారి. తానమునకు సామాన్యముగా మృదంగము వాయింపరు. కొందరు వాయింతురు, తాళము లేనిచోట లయను మాత్రము పట్టుకొని వెన్నంటుట అందరికి సాధ్యమగు పని కాదు.

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. అమెరికా పడమటి తీరమున కాలిఫోర్నియాలో 1960 ప్రాంతమున, సముద్రపు అలలపై పలకలెక్కి జాఱి ఆడు యువకుల నడుమ గిటారు ప్రధానమైన బాణీ యొకటి బయలుదేరెను. దానిని సర్ఫ్ సంగీతమందురు. డిక్ డేల్ అను నతడు మిసిర్లూ అను తూర్పు మధ్యధరా ప్రాంతపు పాత వరుసను 1962లో గిటారు యొక్క అన్నిటికంటె లావుపాటి తంత్రిపై ఎడతెగని మీటులతో వాయించి ప్రసిద్ధుడయ్యెను. ఆ మేళములలో గిటారుకంటె ఒక స్థాయి దిగువ పలుకు బేస్ గిటారు ఒకటి యుండును. మన తొప్పి చేయు పనియే దానిపని. పై గిటారు వడిగా మీటుచుండగా బేస్ వాద్యకుడు ఆధారస్వరమును దాని పంచమమును పట్టుకొని నిబ్బరముగా నడచును. గిటారు లావు తంత్రులకు దిగినప్పుడు తానును ఆ స్వరములనే తాకును, లేదా తగ్గి నిలుచును, వేఱుదారి త్రొక్కడు.

ఒక భేదము మాత్రమున్నది. పై గిటారు ఒక స్వరమును సాగదీసి నిలిచినచో, ఆ ఖాళీలో బేస్ నాలుగడుగులు కదలినను ఆటంకము లేదు. ఆ గిటారు నాదము విద్యుత్తుచే పెంపబడి, మారుమ్రోగించు పెట్టెగుండ వచ్చును గనుక అంత సులభముగా చావదు. వీణలో అట్టి ఖాళీ ఖాళీ కాదు. గమకము అచ్చటనే యున్నది.

ఆ బాణీకి దగ్గరవారగు వెంచర్స్ అను మేళమువారు 1960లో 'వాక్, డోంట్ రన్' అను రికార్డు వెలువరించినప్పుడు బాబ్ బోగిల్ ప్రధాన గిటారును, నోకీ ఎడ్వర్డ్స్ బేసును వాయించిరి. కొన్ని యేండ్లకు ఇరువురును తమ స్థానములు మార్చుకొనిరి. ఎదుటివాని చేతిపని నెఱిగినవాడు ప్రక్కన కూర్చుండుటలోని మేలు ఎట్టిదో దీనివలన ఊహింపవచ్చును. మార్దంగికుని వీణ నేర్చుకొమ్మని నేననజాలను. కృతి పాఠమును ముందుగా ఒకమారు వైణికునితో కూర్చుండి వినినను, ఏ చోట లాగుడు ఎంతసేపు నిలుచునో అతనికి తెలియును.

"ఇప్పుడు మైకులున్నవి గదా" అని మీరనవచ్చును. నేడు పలువురు వైణికులు వీణకే అంటించుకొను మైకు తెచ్చుకొనుచున్నారు. కాని మైకు పెట్టెయొద్ద కూర్చుండిన కుఱ్ఱవాడు సభ కేకలు విని మృదంగమును పెంచునే గాని వీణను పెంచడు. వీణను పెంచినచో స్పీకర్లు కూయునని వానికి భయము. కచేరికి ముందే వానిని పిలిచి, తొప్పివైపు మైకును కొంచెము దూరముగా జరిపింపుడు. ఇక తనియావర్తనము వచ్చినప్పుడు వీణ ఆగియుండును; మార్దంగికుడు తన విద్యయంతయు చూపుకొనుటకు అదియే తావు. మీ భళాలు అప్పటికి దాచియుంచుడు.

మరియొక సంగతి. వీణకు సామాన్యముగా తగ్గుశ్రుతి మృదంగము కావలెను. అది యించుమించు 24 అంగుళముల నిడుపుండును. హెచ్చుశ్రుతిది 22 అంగుళములు. ఏ కచేరియో తెలియక వచ్చిన మార్దంగికుడు చేతనున్నదే తెచ్చి, దానిని వీణశ్రుతికి దింపుటకు గంటసేపు గుల్ల కొట్టుచు కూర్చుండును. దింపినను మూత వదులై నాదము చెడును. కావున ఈ యేడు మీ పందిటిలో వీణ పెట్టింపదలచినచో, మార్దంగికునకు పంపు కబురులోనే అది వీణకచేరియనియు, వైణికుల శ్రుతి ఇంతయనియు తెలియజేయుడు. పెద్ద మృదంగమును రేవు దాటించి తెచ్చుకొనుటకు అతనికి వ్యవధి యుండును.